జాదవ్‌పూర్ : గుర్తింపు లేని చదువు నుండి

కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఇంజనీరింగు విద్యకు పెట్టింది పేరని మనమెరుగుదుము. దాని పుట్టుక మాత్రం ఒక ధిక్కారమన్నది పలువురికి తెలియదు.

వంగ విభజన జరిగిన 1905లో, ఉద్యమంలో పాల్గొనే విద్యార్థులను శిక్షింపుమని కార్లైల్ ఉత్తరువు వెలువడినది. బదులుగా స్వదేశీ నాయకులు తమ చదువులు తామే చెప్పుకొనదలచారు. సుబోధచంద్ర మల్లిక్ లక్ష రూపాయలిచ్చారు. 1906లో జాతీయ విద్యా పరిషత్తు వెలసినది. దాని కళాశాలకు అరవిందులు ప్రథమ ప్రిన్సిపాల్. తారక్‌నాథ్ పాలిత్ ప్రభృతులు అదే సంవత్సరం జూలై 25న బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పారు. 1910లో రెండూ ఒకటైనవి.

ఆ చదువుకు సర్కారు గుర్తింపు లేదు, కొలువు ఆశ లేదు. అయినా బిడ్డలను పంపిన తలిదండ్రుల నిబ్బరమెంతటిదో! కాలక్రమాన సాహిత్యశాఖ క్షీణించగా సాంకేతికశాఖ నిలిచినది. లేతు నడపగలవానికి పట్టాతో పనేమని మా ఊహ.

ఆ గాలి మన తీరానికీ వీచినది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన, 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారి జాతీయ కళాశాల అందుకు సాక్ష్యం.

జాదవ్‌పూర్‌లో 1921లో రసాయనిక ఇంజనీరింగు ఆరంభమైనది. 1955 డిసెంబరు 24న విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించినది. భారత గణాంక సంస్థతో కలసి 1966లో ట్రాన్సిస్టర్ల కంప్యూటరు ఇసిజును నిర్మించారు.

ఇంజనీరింగు రుసుము నేటికీ స్వల్పమే. పేదయింటి బిడ్డకు అదే వరం. ప్రయోగశాలలకు అదే చిక్కు. 2022లో పూర్వవిద్యార్థులను ఆర్థిక సాయం కోరవలసి వచ్చినది.