పిట్టల ప్రియులకు పేరయ్య ఈ ‘బాట్’

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు సాగితే ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, కంది. ఆ చుట్టుపక్కల కర్మాగారాలు, వాటిని ఆనుకొని కార్మికుల అద్దె గదులు. ఒకరు డ్యూటీ నుంచి వచ్చేసరికి మరొకరు డ్యూటీకి బయలుదేరుతారు. ఒకరికి చదరంగం మోజు, ఇంకొకరికి హార్మోనియం, మరొకరికి చెరువు గట్టున కూర్చొని పిట్టలను చూడడం సరదా. పక్క గదిలోనే తనలాంటి వాడున్నాడని ఏళ్ళు గడిచినా తెలియదు.

ఈ కొరత తీర్చడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. సెల్‌ఫోనులో టెలిగ్రాం ద్వారా నడిచే చిన్న ‘బాట్’ చాలు. రోబోట్ అన్న మాటకు అది పొట్టి పేరు. మనం టైపు చేసిన ప్రశ్నకు మనిషికి బదులు కంప్యూటర్ ప్రోగ్రాం జవాబిస్తుంది. టెలిగ్రాం 2015లో ఈ సౌకర్యాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

చూడడానికి పిట్టలున్నాయి

పక్షి ప్రియులకు ఈ ప్రాంతం పుట్టినిల్లు వంటిది. మొసళ్ళకు పేరుపడ్డ మంజీర అభయారణ్యం 1978లో ఏర్పడింది. 1972లో వెలసిన ఇక్రిశాట్ పొలాలు, చెరువులు పక్షులకు ఆటపట్టు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలోని పట్టణ ప్రాంత జలాశయాలలో ఈ గుర్తింపు మొదట దక్కింది దీనికే.

హైదరాబాదులో 1980 నాటి పక్షి వీక్షకుల సంఘం ఉంది. నేడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. సంఘం పత్రిక పేరు ‘పిట్ట’. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ‘పిట్టా’ అని పిలిచే ఒక పక్షి జాతికి ఆ పేరు తెలుగు నుంచే వెళ్ళింది. అయితే ఆదివారం అందరూ కలిసి వెళ్ళే చోటికి, బుధవారం వీక్లీ ఆఫ్ ఉన్న కార్మికుడు వెళ్ళలేడు. బాట్ అక్కరకు వచ్చేది అక్కడే.

తయారీ ఇలా

టెలిగ్రాంలోనే ‘బాట్‌ఫాదర్’ అనే ఖాతా ఉంది. కొత్త బాట్ కావాలని అడిగి, పేరు చెబితే ‘టోకెన్’ అనే పొడవాటి రహస్య సంకేతం ఇస్తుంది. ఆ సంకేతంతో నడిచే ప్రోగ్రామును పైథాన్ భాషలో రాసుకోవాలి. కంప్యూటర్ చదువుతున్న డిప్లొమా విద్యార్థులు కొద్ది రోజులు కూర్చుంటే చేయగల పని ఇది.

బాట్ అడిగేవి నాలుగే ప్రశ్నలు. ఏ పేరుతో పిలవాలి? సరదా ఏమిటి? ఏ ఊరు? ఎప్పుడు తీరిక? జవాబులను పట్టికలో రాసుకొని, ఒకే సరదా, దగ్గరి ఊరు, ఒకే తీరిక ఉన్నవారిని వెతుకుతుంది. ఇస్నాపూర్‌లో ఒకరికి, ముత్తంగిలో మరొకరికి బుధవారం ఉదయమే ఖాళీ అనుకుందాం. పెళ్ళిళ్ళ పేరయ్య లాగా ముందు ఇద్దరినీ విడివిడిగా అడుగుతుంది. ఇద్దరూ సరేనన్నాకే ఒకరి ఖాతా పేరు మరొకరికి చెబుతుంది. ఒకరు వద్దంటే సంగతి అక్కడితో సరి.

ప్రోగ్రాం నడిచే కంప్యూటర్‌కు కరెంటు పోయినా కంగారు పడనక్కర్లేదు. వచ్చిన సందేశాలను టెలిగ్రాం 24 గంటల వరకు దాచి ఉంచుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

టోకెన్ పరుల చేతికి చిక్కితే బాట్ పెత్తనం వారిదే. అలా జరిగితే బాట్‌ఫాదర్ ద్వారా వెంటనే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఎవరైనా తానుగా పంపితే తప్ప వారి ఫోను నంబరు బాట్‌కు తెలియదు. బాట్ కూడా నంబర్లు అడగకూడదు. ముఖ్యంగా ఆడపిల్లల నంబర్లు పదిమంది చేతుల్లో పడితే సరదా కాస్తా బెడద అవుతుంది. మొదటిసారి నలుగురూ తిరిగే చోటే కలుసుకోవడం మేలు. పేరు తీసేయమంటే పట్టిక నుంచి వెంటనే తీసేసే ఏర్పాటు కూడా ఉండాలి.

పిట్టల గుట్టు కూడా కాపాడాలి. గూడు ఉన్న చోటు బయటపడితే కెమెరాలతో జనం చేరతారు. తల్లి పక్షి బెదిరి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ప్రారంభించిన ‘ఈ-బర్డ్’ సైతం ముప్పున్న కొన్ని పక్షుల జాడను బయటపెట్టదు. బాట్ చెరువు పేరు చెబితే చాలు, గూటి గుర్తు చెప్పకూడదు.

చెరువుకు కాపలా

ఇది కాలక్షేపం వ్యవహారమే అని కొట్టిపారేయలేము. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. చూసేవారు లేని చెరువులో నీరు రంగు మారినా, గట్టు కుంచించుకుపోయినా అడిగే దిక్కుండదు. వారం వారం వెళ్ళి, తేదీ వేసి, ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో రాసి పెడితే అది చెరువు ఆరోగ్యానికి లెక్కల పుస్తకం అవుతుంది. ఒక్కడు రాస్తే ఆ పుస్తకం వాడి బదిలీతో ఆగిపోతుంది. నలుగురు కలిస్తే సాగుతుంది. ఆ నలుగురిని కలపడం వరకే బాట్ పని. తెల్లవారుజామున లేచి గట్టు మీదికి నడవాల్సింది మాత్రం మనుషులే.