పన్నెండు ఫొటోల నాటి జాగ్రత్త నేడేదీ?

రాజుపాలెం: మహాశివరాత్రికి కోటప్పకొండ తరలే ప్రభలను ఫొటో తీయడం ఫిలిం రోజుల్లో పల్నాటి ఫొటోగ్రాఫర్లకు కత్తిమీద సామే. రెండు లెన్సుల యాషికా కెమెరాలోకి తల వంచి చూస్తే కుడి ఎడమగా కనిపించేది. 120 ఫిలిం రీలుకు 12 ఫొటోలే. ఎండను బట్టి వెలుతురు అంచనా వేయాలి. తప్పు జరిగితే డార్క్‌రూంలో కడిగేదాకా తెలియదు.

తర్వాత 36 ఫొటోల 35 ఎం.ఎం. రీళ్లు, ఆపై డిజిటల్ కెమెరాలు వచ్చాయి. 1975లో తొలి డిజిటల్ కెమెరాను తయారుచేసిన కొడాక్ కంపెనీయే ఆ మార్పుకు తట్టుకోలేక 2012లో దివాలా కోర్టు మెట్లెక్కింది.

నేడు సెల్‌ఫోనుతో వందలు తీస్తున్నారు. ఫోను పాడైతే అన్నీ పోయే ప్రమాదం ఉంది. భద్రపరిచిన నెగెటివు ఉంటే తాత ఫొటోను ఈనాటికీ వేయించవచ్చు. ఇంటి పెద్దల ఫొటో ఒక్కటైనా కాగితంపై వేయించి ఉంచుకోవడం మేలు.