పని వచ్చు.. మరి తల దించుకోవడం ఎందుకు?

ఊళ్లో పెద్దల ముందు చేతులు కట్టుకుని, తల వంచుకు నిలబడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్ని మనం వినయం అంటాం. గల్ఫ్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే మాత్రం అది ఎదుటి మేనేజర్‌కి భయంలా, ఏదో దాస్తున్నట్టుగా కనిపించొచ్చు. ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసిన చేతులు మనవి. పని వచ్చి కూడా నేలచూపుల వల్ల ఓడిపోతే ఎలా?

లోపలికి వెళ్లగానే సలాం చెప్పి, కూర్చోమన్నాకే కూర్చుందాం. నడుం నిటారుగా, చేతులు ఒళ్లో ఉండాలి. కాలు మీద కాలు వద్దు. చెప్పు అడుగు ఎదుటివారి వైపు తిరిగితే అరబ్బులు అవమానంగా భావిస్తారు. సర్టిఫికెట్లు కుడిచేత్తోనే ఇవ్వాలి. మహిళా అధికారి అయితే ఆమె చేయి చాపితేనే కరచాలనం. లేదంటే గుండెల మీద చెయ్యి పెట్టుకుంటే చాలు, అదే మర్యాద.

'సరే' అనడానికి మనం తల అటూ ఇటూ ఆడిస్తాం. మన అలవాటు తెలియనివాళ్లకు అది 'కాదు' అన్నట్టుంటుంది. నోరు తెరిచి 'యెస్ సార్' అనేద్దాం. తెలియనిది అడిగితే కంగారొద్దు. 'ఈ పని చేయలేదు, నేర్చుకుంటా' అని ముఖం చూసి చెబుదాం.

ఇంటి దగ్గరి అప్పు, పిల్లల ఫీజులు మన వెంటే వస్తాయి. ఆ పావుగంట వాటిని గుమ్మం బయటే ఉంచుదాం.