కణంలో బొట్టు గట్టిపడితే..!

సైట్‌కి రెడీమిక్స్ బండి రాగానే మేం ముందు చూసేది స్లంప్. జారుగా ఉందా, బిగుసుకుపోయిందా అన్నది తేలాకే పోత. మన ఒంట్లోని కణాల్లోనూ శాస్త్రవేత్తలు ఇలాంటి తనిఖీయే చేస్తున్నారు.

కణంలో కొన్ని ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ఒకచోట చేరి, చుట్టూ పొర లేకుండానే బొట్లు కడతాయి. వీటినే కండెన్సేట్లు అంటున్నారు. ఇలాంటి బొట్లు ద్రవంలా కలుస్తాయని, పారతాయని 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో క్లిఫర్డ్ బ్రాంగ్‌విన్, ఆంథనీ హైమన్ బృందం చూపింది. వాళ్లు చూసింది మిల్లీమీటరు పొడవుండే ఓ పురుగు పిండంలో.

చేత్తో తాకలేని బొట్టు ద్రవమో కాదో ఎలా తెలిసేది? ప్రొటీన్‌కు మెరిసే గుర్తు తగిలించి, మైక్రోస్కోప్‌తో వరుసగా ఫొటోలు తీస్తారు. వాటిని కంప్యూటర్ కొలుస్తుంది. రెండు బొట్లు కలిసి మళ్లీ గుండ్రంగా మారితే అది ద్రవ లక్షణం. ఇంకో పరీక్షా ఉంది. బొట్టులో కొంత భాగం మెరుపును లేజర్‌తో పోగొడతారు. పక్కనున్న అణువులు కదిలొస్తే అక్కడ వెలుగు మళ్లీ నిండుతుంది. నిండకపోతే గట్టిపడిందేమోనని అనుమానం.

ఇదంతా ఎందుకంటారా? ఎఫ్‌యూఎస్ అనే ప్రొటీన్ బొట్లు కాలం గడిచేకొద్దీ గట్టిపడతాయని, ఏఎల్‌ఎస్ రోగుల్లో కనిపించే ఓ జన్యుమార్పు ఉంటే ఇంకా త్వరగా బిగుస్తాయని 2015లో తేలింది. కండరాలను నడిపే నరాలు దెబ్బతిని, కాళ్లూ చేతులూ క్రమంగా పడిపోయే జబ్బది.

ఒక్క జాగ్రత్త. ఎంత వెలుగుంటే బొట్టుగా లెక్కించాలన్న హద్దు మారిస్తే లెక్కే మారిపోతుంది. అందుకే పోల్చే ఫొటోలన్నిటికీ ఒకే పద్ధతి వాడాలి. మనిషికో కొలత పెట్టుకుంటే గోడలు కలుస్తాయా మరి?