గుర్రం మీదొచ్చెటోన్ని కాదు, ఎనుకున్న భూమిని చూడుర్రి

1971ల వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ తెలుగుల తొలి కౌబాయ్ సిన్మా. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్టర్, రాసింది ఆరుద్ర. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజు నాడు, 4కేల మళ్ల రిలీజ్ చేసిన్రు. మన పోరగాళ్లు గుర్రాలను, తుపాకులనే చూస్తరు. జర ఎనుకున్న నేలను గూడ చూడుర్రి.

ఇది ఇటలీ డైరెక్టర్ సెర్జియో లియోనె సిన్మాలు చూసి అల్లిన కథ. లియోనె సొంతంగ పుట్టించిండా అంటే అదీ లేదు. ఆయన 1964ల తీసిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’కు మూలం జపాన్ డైరెక్టర్ కురోసావా 1961ల తీసిన ‘యోజింబో’. జపాన్ కథ, ఇటలీ డైరెక్టర్, స్పెయిన్ నేల, అమెరికా వేషం. మనోళ్లకొచ్చేసరికి రాజస్థాన్ థార్ ఎడారి.

ఎడారే ఎందుకు? ఆడ నీళ్లు లేవు, నీడ లేదు, ఇరుగుపొరుగు లేదు. సాయమడుగుదామంటే మనిషే దొరకడు. అందుకే ఎవని తుపాకి వానిదే, ఎవని బంగారం వానిదే. అంటే ఆ సీనరీ అందం కోసం పెట్టింది కాదు, కథను నడిపించేదే అది.

మరి మన ముప్కాల్ దిక్కు నేల అసొంటిదా? పక్కన శ్రీరాంసాగర్, పసుపు చేన్లు, ఎర్రజొన్న. ఈడ ఒక్కడే బతకలేడు. కాలువ నీళ్లకు వంతు కావాలె, నాటుకు పదిమంది కావాలె.

కురోసావాదే ఇంకో సిన్మా, 1954ల వచ్చిన ‘సెవెన్ సమురాయ్’. దాన్నే హాలీవుడ్ 1960ల, మళ్ల 2016ల ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ పేరుతోని తీసింది. దొంగల నుంచి ఊరిని కాపాడనీకి రైతులు ఏడుగురు యోధులను తెచ్చుకుంటరు. జపాన్ సిన్మా చివర్ల నలుగురు యోధులు సమాధులల్ల ఉంటరు, రైతులు నాట్లేసుకుంట పాట పాడుతుంటరు. గెలిచింది ఎవరో మీకే సమజైతది.

మనోళ్లు ఆ ఏడుగురిని గూడ పిలువలే. 2019 పార్లమెంట్ ఎన్నికలల్ల పసుపు బోర్డు కావాలె, పసుపుకు, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలె అని నిజామాబాద్‌ల 178 మంది రైతులు నామినేషన్ ఏసి నిలబడ్డరు. మొత్తం 185 మంది అభ్యర్థులాయె, ఒక్కో బూతుల 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. 2025 జనవరిల బోర్డు వచ్చింది. పసుపుకు మద్దతు ధర మాత్రం ఇంకా రాలే.

ఆర్మూర్ సిద్ధులగుట్ట నల్ల బండలు ఏ కౌబాయ్ సిన్మా కొండలకన్న తక్కువ గావు. తమ్మీ, చెల్లే, చేతుల ఫోన్ ఉన్నది. ఆ బండలు ఎనుక పెట్టి రీల్ తీస్తె తియ్యుర్రి. ముందు మాత్రం తుపాకి పట్టినోన్ని గాదు, పసుపు తవ్వెటోళ్లను నిలబెట్టుర్రి.