తెరపై కీబోర్డు: రెండు లిపులకు ఒక సాధనము

మానవుడు తన భావములను వ్రాతలో నిలుపుటకై తాటియాకు, గంటము మొదలుకొని అచ్చుయంత్రము వరకు ఎన్నో సాధనములను కల్పించుకొనెను. నేడు ఆ స్థానము కంప్యూటరుది. అయితే ప్రయోగశాలలోని కంప్యూటరు ముందు కూర్చున్న మన విద్యార్థికి మీటలపై కనబడునవి సాధారణముగా రోమను అక్షరములే. అందుచే తెలుగుగాని ఉర్దూగాని ధారాళముగా మాటలాడువాడు సైతము ఆ భాషను రోమను లిపిలో వ్రాసి తృప్తిపడుచున్నాడు. కొంతకాలమునకు చేయి లిపిని మరచును. పిమ్మట కన్నును మరచును. మన వార్షిక సంచిక వంటి ద్విభాషా పత్రికకు ఇది చిన్న విషయము కాదు.

సెల్‌ఫోనులలోను, కంప్యూటరులలోను ఈ రెండు లిపులకు సిద్ధమైన కీబోర్డులు లేకపోలేదు. వాటిని వాడుకొనుట మంచిదే. కాని మన చేతులతో ఒక కీబోర్డును నిర్మించినచో, అక్షరమనగా యంత్రమునకు ఏమిటో మనకు బోధపడును. ఆ నిర్మాణమును పైథాన్ భాష సహాయముతో వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశ్యము.

మొదట అక్షరమును గూర్చి తెలిసికొందము. యంత్రమునకు తెలిసినవి అంకెలు మాత్రమే. ప్రపంచమందలి లిపులలోని ప్రతి గుర్తునకు ఒక సంఖ్యను కేటాయించిన ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. దాని మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కలవు. ఉర్దూ అక్షరములు 1536 మొదలు 1791 వరకు గల అరబ్బీ విభాగములో నున్నవి. ‘క’ అను అక్షరపు సంఖ్య 3093. పైథాన్‌లో ‘చర్’ అను ప్రమేయమునకు 3093ను అందించిన ‘క’ లభించును. ‘ఆర్డ్’ అను ప్రమేయమునకు ‘క’ను అందించిన 3093 లభించును. మన కీబోర్డునకు ఇదియే పునాది.

పైథాన్ భాషను గీడో వాన్ రాసమ్ 1991లో లోకమునకు అందించెను. తెరపై కిటికీలు, బొత్తాములు చిత్రించుటకు దానితో పాటు టికింటర్ అను ఉపకరణము లభించును. కొన్ని లినక్స్ పద్ధతులలో దానిని విడిగా చేర్చుకొనవలసియుండును. రెండును ఉచితములే.

నిర్మాణక్రమము ఇట్లుండును. ముందుగా ఒక కిటికీని తెరువవలెను. దాని పైభాగమున ‘టెక్స్ట్’ అను వ్రాతపెట్టెను అమర్చవలెను. దాని క్రింద బొత్తాముల వరుసలు రావలెను. అక్షరములను ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క జాబితాగా వ్రాసికొని, ఆ జాబితాలను ‘ఫర్’ అను ఆవృత్తిలో త్రిప్పుచు ప్రతి అక్షరమునకు ఒక బొత్తామును సృష్టించి, ‘గ్రిడ్’ అను పద్ధతితో అడ్డవరుస, నిలువువరుస సంఖ్యలిచ్చి దాని చోట కూర్చుండబెట్టవలెను. బొత్తాము నొక్కినపుడు ఏమి జరుగవలెనో ‘కమాండ్’ అను చోట తెలుపవలెను. అచట మనము కోరునది ఒక్కటియే: కర్సరు ఉన్న చోట ఆ అక్షరము చేరవలెను. ‘ఇన్సర్ట్’ అను ఆజ్ఞ ఆ పని చేయును. చివరకు ‘మెయిన్‌లూప్’ అని వ్రాసినచో కిటికీ మన నొక్కులకై వేచియుండును.

ఇచట ప్రారంభకులకు ఒక చిక్కు తప్పక ఎదురగును. ‘కమాండ్’ వద్ద ‘లాంబ్డా’ అను చిన్న ప్రమేయమును యథాలాపముగా వ్రాసినచో, ఏ బొత్తామును నొక్కినను జాబితాలోని కడపటి అక్షరమే పడును. కారణమేమనగా, ఆ ప్రమేయము అక్షరమును దాచుకొనదు. దాని పేరును మాత్రము దాచుకొనును. నొక్కునాటికి ఆవృత్తి ముగిసి, ఆ పేరు కడపటి అక్షరమును సూచించుచుండును. లాంబ్డాకు ఒక చరరాశిని చేర్చి, దాని తొలి విలువగా ఆ క్షణమందలి అక్షరమును ఇచ్చినచో చిక్కు తొలగును. పేరునకు, వస్తువునకు గల భేదమును ఇంతకంటె స్పష్టముగా బోధించు పాఠము అరుదు.

ఇక లిపుల స్వభావమునకు వత్తము. తెలుగులో కంటికి ఒక్కటిగా కనబడునది యంత్రమునకు ఒక్కటి కాకపోవచ్చును. ‘స్త్రీ’ అనునది మనకు ఒక అక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘ ఈకారపు గుర్తు కలిసి ఆరు సంఖ్యలు. కావున వత్తులకు వేరు బొత్తాములు అక్కరలేదు. 3149 సంఖ్య గల పొల్లును రెండు హల్లుల నడుమ నుంచిన చాలును; వత్తును రచించు భారము ఫాంటుది. చెరిపివేయు బొత్తాము ‘స్త్రీ’లో చివరి గుర్తును మాత్రమే తీయవలెనా, అక్షరమంతటిని తీయవలెనా అనునది నిర్మాత నిర్ణయింపవలసిన విషయము. గుణింతము సరిదిద్దువానికి మొదటిది మేలు. పదమును మార్చువానికి రెండవది మేలు. రెండు బొత్తాములు పెట్టుట ఉత్తమము.

‘హైదరాబాద్‌లో’ అను పదమును గమనింపుడు. దకారపు పొల్లు వెంటనే లకారము వచ్చినచో అది ‘హైదరాబాద్లో’ అని వత్తుగా మారును. దానిని ఆపుటకు ఆ రెంటి నడుమ 8204 సంఖ్య గల కనబడని గుర్తును ఉంచవలెను. ఉర్దూ, ఇంగ్లీషు పేర్లు తరచుగా వచ్చు మన తెలుగునకు ఈ బొత్తాము అత్యవసరము.

ఉర్దూలో చిక్కు మరొక విధమైనది. అక్షరములు కుడినుండి ఎడమకు కనబడినను, యంత్రములో ఉచ్చారణక్రమముననే నిలువయుండును. పదము మొదట, నడుమ, తుదిని అక్షరపు ఆకారము మారినను సంఖ్య మారదు. ఇంతవరకు సులభమే. అసలు ప్రమాదము వేరొకటి. ఉర్దూ ‘కాఫ్’ సంఖ్య 1705, అరబ్బీ ‘కాఫ్’ సంఖ్య 1603. ఉర్దూ ‘ఛోటీ యే’ సంఖ్య 1740, అరబ్బీ ‘యే’ సంఖ్య 1610. ‘కరీం’ అను పేరులో కాఫ్ మొదటను, యే నడుమను వచ్చును. ఆ స్థానములలో రెండు విధముల అక్షరములును చూపునకు ఒకే తీరుగా ఉండును. కాని ఒకరు ఉర్దూ సంఖ్యలతోను, వేరొకరు అరబ్బీ సంఖ్యలతోను ఆ పేరును ఎక్కించినచో పైథాన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పదములు. విద్యార్థివేతనముల జాబితాలో పేరు కంటికి కనబడుచుండగనే, వెదకిన యంత్రము ‘లేదు’ అని చెప్పును. గ్రంథాలయ పట్టికలోని పుస్తకమునకును ఇదే గతి పట్టవచ్చును. ఇచట నష్టపోవునది యంత్రము కాదు, మనిషి.

కావున ఉర్దూ కీబోర్డులో 1705, 1740 సంఖ్యలనే ఉంచవలెను. పాత జాబితాలను ‘ట్రాన్స్‌లేట్’ అను పద్ధతితో సరిదిద్దవచ్చును. అయితే అరబ్బీ భాషలోని పాఠములకు ఈ మార్పు తగదు. అచట అరబ్బీ సంఖ్యలే సరియైనవి. ఏ భాషయో తెలిసినవాడే ఈ వివేచన చేయగలడు.

పూర్తియైన వ్రాతను దాచునపుడు ‘యూటీఎఫ్-8’ అని స్పష్టముగా పేర్కొనవలెను. ఈ పద్ధతిలో తెలుగు గుర్తునకు మూడు బైట్లు, ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు పట్టును. మనము నిర్మించిన కీబోర్డు తన కిటికీలోనే వ్రాయును. ఆ వ్రాతను ఇతరచోట్లకు చేర్చుటకు క్లిప్‌బోర్డునకు పంపు బొత్తాము నొకదానిని అమర్చవలెను. కొన్ని లినక్స్ యంత్రములపై టికింటర్ వత్తులను సరిగా కూర్చి చూపకపోవచ్చును. అపుడు లోపము చూపుటలో నున్నది గాని నిలువచేసిన సంఖ్యలలో లేదు. అట్టిచోట క్యూటీ అను ఉపకరణము మేలు.

విద్యార్థులారా! ఈ పనికి కావలసినది ధనము కాదు, ఇద్దరి స్నేహము. తెలుగు చక్కగా ఎరిగినవారు తెలుగు వరుసలను, ఉర్దూ చక్కగా ఎరిగినవారు ఉర్దూ వరుసలను కూర్చి, ఒకే కిటికీలో రెంటికిని చోటు కల్పింపుడు. లిపిని మార్చుటకు ఒక బొత్తాము చాలును. వేళ్ళను స్వేచ్ఛగా కదల్పలేనివారికి మౌసుతో నొక్కదగిన ఇట్టి కీబోర్డు మరింత ఉపకారి. కావున బొత్తాములను పెద్దవిగా చేయుడు. కళాశాల సంఘమువారు ప్రయోగశాల యంత్రములపై దీనిని నెలకొల్పి, పేర్ల పట్టికలను రెండు లిపులలోను ఒకే నియమముతో ఎక్కించు ఏర్పాటు చేసినచో, మన విద్యార్థుల పేర్లు కంటికిని యంత్రమునకును ఒకే తీరుగా కనబడును.