క్వీన్ ఆన్స్ రివెంజ్

క్వీన్ ఆన్స్ రివెంజ్ అనునది బ్లాక్‌బియర్డ్ (నల్లగడ్డం వాడు) అనే పేరుతో ప్రసిద్ధి చెందిన ఆంగ్లేయ సముద్రపు దొంగ ఎడ్వర్డ్ టీచ్ నడిపిన ఓడ. 1718 జూన్ నెలలో ఇది అమెరికా తూర్పు తీరంలో, ఇప్పటి ఉత్తర కరొలినా రాష్ట్రంలోని బ్యూఫోర్ట్ పట్టణం వద్ద ఇసుక మేటపై చిక్కుకొని శిథిలమైనది. 1996 నవంబరు 21న ఇంటర్‌సాల్ అనే ప్రైవేటు సంస్థ దీని శిథిలాలను సుమారు 7 మీటర్ల లోతులో కనుగొన్నది.

చరిత్ర

ఈ ఓడ అసలు పేరు లా కాంకోర్డ్. ఫ్రాన్సులోని నాంత్ రేవుకు చెందిన బానిసల ఓడ ఇది. 1717లో పశ్చిమ ఆఫ్రికాలోని విదా రేవులో 516 మంది బందీలను ఎక్కించుకొని బయలుదేరినది. దారిలో 61 మంది బందీలు మరణించారు. నావికులలో పలువురు వ్యాధులతో మంచం పట్టారు. ఆ సంవత్సరం నవంబరులో మార్టినిక్ ద్వీపానికి చేరువలో బ్లాక్‌బియర్డ్ దీనిని పట్టుకొన్నప్పుడు ఎదిరించే శక్తి వారిలో లేకపోయినది. ఓడలోని ముగ్గురు వైద్యులను దొంగలు బలవంతంగా తమతో తీసుకొనిపోయారు. బందీలలో ఎక్కువ మందిని విడిచిపెట్టినా వారికి స్వేచ్ఛ దొరకలేదు. ఫ్రెంచి నావికులు వారిని తిరిగి మార్టినిక్‌కు చేర్చారు.

1718 మే నెలలో బ్లాక్‌బియర్డ్ చార్లెస్టన్ రేవును సుమారు వారం రోజులు దిగ్బంధించాడు. అతడు కోరినది బంగారం కాదు, ఒక మందుల పెట్టె. ఆ తరువాత కొద్ది రోజులకే ఓడ మేట ఎక్కినది. అనుచరులను వదిలించుకొనుటకు అతడే కావాలని ఎక్కించాడని డేవిడ్ హెరియట్ అనే నావికుడు వాంగ్మూలం ఇచ్చాడు.

గుర్తింపు వివాదం

సముద్రపు దొంగలు సాధారణంగా ఓడలు కట్టించుకొనేవారు కాదు, ఇతరుల ఓడలను లాక్కొనేవారు. కనుక సముద్రగర్భంలో దొరికిన ఓడ దొంగలదా, వర్తకులదా అని తేల్చడం కష్టం. శామ్యూల్ బెల్లమీ అనే దొంగకు చెందిన విదా గ్యాలీ విషయంలో ఈ చిక్కు రాలేదు. అది 1717లో కేప్ కాడ్ వద్ద మునిగినది. 1985లో పైకి తీసిన దాని గంటపై ఓడ పేరే చెక్కి ఉన్నది. బ్యూఫోర్ట్ వద్ద దొరికిన గంటపై 1705 అనే సంవత్సరం ఉన్నది, ఓడ పేరు లేదు.

ఓడ పేరును ముందుగానే నమ్మి సాక్ష్యాలను దానికి సరిపెట్టుచున్నారని 2005లో కొందరు పురావస్తు శాస్త్రజ్ఞులు విమర్శించారు. ఈ విమర్శ న్యాయమైనదే. ఇంగ్లండు, స్వీడన్ దేశాలలో తయారైన ఫిరంగులు కలగలుపుగా ఉండడం, వాటిలో కొన్ని గుండు, మందు కూరినవి కూరినట్లే ఉండడం ఒక్కటే రుజువు కాజాలదు. ఆనాటి వర్తక నౌకలకు కూడా ఫిరంగులు ఉండేవి. అయితే ఆధారాలు క్రమంగా ఒకే వైపు మొగ్గినవి. మొదటి జార్జి రాజు 1714 పట్టాభిషేకాన్ని గుర్తు చేసే గాజు పాత్ర ముక్క, ఫ్రెంచి వైద్యుల పరికరాలు, పాదరసం ఆనవాళ్ళున్న ఒక పిచికారీ (సుఖవ్యాధుల చికిత్సకు వాడేది) లభించినవి. 2011లో ఉత్తర కరొలినా ప్రభుత్వం ఇది బ్లాక్‌బియర్డ్ ఓడయేనని నిర్ధారించినది.

లభించిన వస్తువులు

సీసపు గుండ్లను కూడా కలిపి లెక్కిస్తే ఇక్కడ దొరికిన వస్తువులు 4 లక్షలకు పైబడినవి. నిధుల కథలు చదివినవారికి నిరాశ కలుగవచ్చు గాని బంగారం కొద్దిపాటి రజను మాత్రమే దొరికినది. ఓడ మెల్లగా శిథిలమైనందున విలువైన వాటిని దొంగలు ముందే దింపుకొని ఉంటారు.

ఇనుప వస్తువులు తుప్పు, ఇసుక, గుల్లలతో కలిసి రాతిముద్దలుగా మారినవి. ముద్దలో ఏమున్నదో ముందు ఎక్స్‌రే తీసి చూస్తారు. ఆపై గుల్లను కొద్దికొద్దిగా తొలగించి, రసాయన ద్రావణంలో ఉంచి విద్యుత్తు ద్వారా లోహంలోని ఉప్పును లాగివేస్తారు. ఉప్పు పోకముందే ఆరనిస్తే ఇనుము పగిలి పొరలుగా ఊడిపోవును. ఒక్క ఫిరంగికే కొన్ని సంవత్సరాలు పట్టును. ఈ పని గ్రీన్‌విల్‌లోని తూర్పు కరొలినా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరుగుచున్నది.

ఒక ఫిరంగి మందుగదిలో ఇరుక్కున్న ముద్ద నుండి 16 కాగితపు ముక్కలు బయటపడినవి. మూడు వందల సంవత్సరాలు నీటిలో ఉన్న కాగితం మిగలడం అరుదు. అవి ఎడ్వర్డ్ కుక్ 1712లో ప్రచురించిన సముద్రయాత్రా గ్రంథం లోనివని 2018లో ప్రకటించారు.